వార్షిక నివేదిక, 2024–25: గుత్తి

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది పాత కట్టడాలను కాపాడే మన సంఘం తలెత్తుకుని చెప్పుకోగలిగిన పని ఊరి బయటి దిగుడుబావి. కంపతో, చెత్తతో పూడిపోయి మెట్ల ఆనవాలే లేని బావిలో ఇప్పుడు ఉత్తరం వైపు నుంచి అడుగుదాకా దిగి రావచ్చు. 1776లో కొండ మీద నీళ్లు అయిపోబట్టే మరాఠా పాలకుడు మురారిరావు మన గుత్తి కోటను మైసూరు పాలకుడు హైదరాలీకి అప్పగించాల్సి వచ్చింది. అలాంటి ఊళ్లో బావిని నిలబెట్టడం బురుజును నిలబెట్టడంతో సమానమని కార్యవర్గం భావించింది.

కోటలోనే పని ఎందుకు పెట్టుకోలేదని కొందరు సభ్యులు అడుగుతున్నారు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ రాయి కదిపే హక్కు మనకు లేదు. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాత మరో 200 మీటర్లలో అనుమతితోనే. అందుకే కోటలో మన పని ప్లాస్టిక్ ఏరడం, బడిపిల్లలను తీసుకెళ్లి చూపించడం వరకే. బావి ఆ హద్దులకు ఆవల ఉంది.

బావి పని వివరాలు వచ్చే కార్యవర్గానికి పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను. ముందుగా పడిపోయిన ప్రతి మెట్టురాయికీ సుద్దతో నంబరు వేసి, ఫోటో తీసి, పటం గీసుకున్నాం. రావిమొక్కలను పీకలేదు. పీకితే వేరుతోపాటు సందులోని రాయీ ఊడి వస్తుంది. మొదలంటా కోసి, చిగురు వేసినప్పుడల్లా తుంచుతూ వచ్చాం. నీళ్లు రోజుకు ఒక అడుగుకు మించి తోడకూడదు. గోడ వెనక మట్టి నానిపోయి ఉంటుంది. ముందున్న నీళ్లు ఒక్కసారిగా దిగిపోతే ఆ బరువంతా గోడ మీద పడుతుంది. తొందరపడి ఒక ఆదివారం రెండు మోటార్లు పెట్టినందుకు తూర్పు గోడ జానెడు మేర ఉబ్బింది. వెంటనే మోటార్లు ఆపి, దుంగలు ఆనించి నిలిపారు. తీసిన పూడికను కూడా ఒడ్డున పోయకుండా ఇరవై అడుగుల అవతల కుప్ప వేశాం. ఒడ్డున బరువు పెరిగినా గోడ లోపలికే వస్తుంది. పూడికలో ఏ పాత నాణెమో దొరికితే జేబులో వేసుకోవడం నేరం. పది రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపాన్నైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది. పనికి వచ్చినవాళ్లందరికీ మొదటిరోజే ఇది చెప్పాం.

ఒక దాత సిమెంటు బస్తాలు ఇస్తామన్నారు. వారి మనసుకు నమస్కరిస్తూనే వద్దన్నాం. సిమెంటు చెమ్మను బయటికి రానివ్వదు. లోపల నిలిచిన నీరు పాత సున్నాన్ని తినేస్తుంది. రేపు రాయి తీయాల్సి వస్తే సిమెంటు ఊడదు, రాయే విరుగుతుంది. పదిహేను రోజులు నానిన సున్నం ఒక పాలు, ఉప్పులేని ఏటి ఇసుక మూడు పాళ్లు కలిపి సందులు నింపాం. నీటిమట్టం కింద వట్టి సున్నం గట్టిపడదు కాబట్టి అక్కడ ఇసుకలో కొంత తగ్గించి, మెత్తగా దంచిన ఇటుకపొడి వేశాం.

ఈ సున్నం పని డిసెంబరులో జరగాల్సింది. ఏప్రిల్‌లో జరిగింది. డబ్బు విడుదలకు తీర్మానం కావాలి, తీర్మానానికి కోరం, అంటే కనీస హాజరు, కావాలి. డిసెంబరు, జనవరి సమావేశాలకు కార్యవర్గంలోని పదకొండు మందిలో వచ్చింది నలుగురు. ఏప్రిల్ ఎండకు గచ్చు మీద కప్పిన తడి గోనెపట్టాలు గంటలో ఆరిపోయాయి. మూడు వారాలు తడి నిలవాల్సిన గచ్చు తూర్పు గోడ పైవరుసల్లో నెర్రెలిచ్చింది. మేస్త్రీల తప్పు ఇందులో ఏమీ లేదు. ఆ వరుసలు గీకి మళ్లీ నింపాలి. బావి స్థలం ఎవరిదో తేల్చమని ఇచ్చిన అర్జీకి కూడా సంబంధిత కార్యాలయం నుంచి ఏడాదిగా జవాబు లేదు. నాలుగుసార్లు వెళ్లినా ఫైలు పైకి పోయిందన్న మాటే వినిపించింది.

జమాఖర్చులు ఆడిటరు సంతకంతో కోశాధికారి చదివి వినిపిస్తారు. చెక్కులన్నీ ఇద్దరి సంతకాలతోనే వెళ్లాయి. సున్నం సరఫరా చేసినవారు ఒక కార్యవర్గ సభ్యునికి బంధువు కావడంతో, ధర తీర్మానించేటప్పుడు ఆ సభ్యుడు బయటికి వెళ్లారు. ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో ఉంది.

కూలి సగమే తీసుకున్న మేస్త్రీలకు, ట్రాక్టరు ఇచ్చిన రైతులకు, పూడిక గంపలు మోసిన పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులకు, ప్రతి ఆదివారం మజ్జిగ పంపిన వీధివారికి సంఘం రుణపడి ఉంది. ఎర్రగుడి అశోక శాసనాల దగ్గరికి విద్యార్థులతో వెళ్లినప్పుడు కొన్నిచోట్ల ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు చెక్కిన బ్రాహ్మీ లిపిని ఓపికగా వివరించిన ఉపాధ్యాయులకు కూడా కృతజ్ఞతలు.

ఈ రోజు సభ ముందుకు రెండు బైలా (సంఘం నియమావళి) సవరణలు వస్తున్నాయి. కారణం తెలపకుండా వరుసగా మూడు సమావేశాలకు రాని సభ్యుని స్థానం ఖాళీ అయినట్టే. పదవీకాలం రెండేళ్లు, ఏటా సగం మంది మారాలి. అలా అయితే పని తెలిసినవారు ఎప్పుడూ సగం మంది మిగులుతారు. పేరు కోసం పదవి వద్దని, నెలకు రెండు ఆదివారాలు, ఒక సాయంత్రం ఇవ్వగలిగినవారే నిలబడాలని మనవి. ఎన్నికైన కార్యవర్గం జాబితా 15 రోజుల్లోగా సొసైటీల రిజిస్ట్రారుకు చేరాలి. కాబట్టి కొత్తవారు ఆధార్ నకలు ఇచ్చి, ఈ సాయంత్రమే సంతకాలు చేసి వెళ్లాలి. నామినేషన్ పత్రాలు, రాళ్ల నంబర్ల పటం, పనిముట్ల రిజిస్టరు, గది తాళంచెవులు కోశాధికారి బల్ల మీద ఉన్నాయి.

కార్యదర్శి