హైవే దిగి ఊళ్లోకి రండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పిల్లలకు వచ్చే టైప్-1 షుగర్ గురించి అవగాహన కల్పించడానికి, విరాళాలు పోగుచేయడానికి మన బెంగళూరు సైకిలిస్టులు కొందరు నవంబర్‌లో హైదరాబాద్ దాకా వెళ్తున్నారన్న వార్త మీ పత్రికలో చదివి సంతోషించాను. దాదాపు 570 కిలోమీటర్లు తొక్కడం మాటలు కాదు. అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలిలో సైకిల్ తొక్కేవాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

నా విన్నపమల్లా రూటు గురించే. ఇలాంటి యాత్రలకు తెల్లారకముందే జెండా ఊపుతారు. హెబ్బాళ్ దాటి 44వ నంబరు హైవే ఎక్కాక చిక్కబళ్ళాపురం, అనంతపురం బైపాస్‌లోనే వెళ్లిపోతాయి. దారి పొడుగునా వాళ్లను చూసేది లారీ డ్రైవర్లు, టోల్‌గేటు సిబ్బంది, డాబాల వాళ్లు. ఈ జబ్బు గురించి తెలియాల్సినవాళ్లు మాత్రం హైవేకి కాస్త లోపల బళ్లలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఆర్ఎంపీల దగ్గర ఉంటారు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా తమ్ముడి కొడుకు హిందూపురం దగ్గర పల్లెలో పెరిగాడు. ఎనిమిదేళ్లవాడు చెంబులకు చెంబులు నీళ్లు తాగేవాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. నిక్కరు నడుం మీద నిలిచేది కాదు. వాడు పోసిన చోట చీమలు పడుతున్నాయని మా మరదలు అంటే, ఎండాకాలం కదా అని కొట్టిపారేశారు. నులిపురుగుల మందు వేయించారు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస వచ్చాక ఒక క్లినిక్‌లో నీరసమని గ్లూకోజ్ ఎక్కించారు. షుగర్ ముదిరిన పిల్లాడికి గ్లూకోజ్! బెంగళూరు తెచ్చి ఎమర్జెన్సీలో వేలు గుచ్చితే మీటరు మీద అంకె రాలేదు, ‘హై’ అని వచ్చింది. చాలా మీటర్లు 600 దాటితే అలాగే చూపిస్తాయి. అదృష్టం, బతికాడు.

వేలికి ఒక పోటు, కొన్ని సెకన్ల పని. ఆ మీటరు ఇప్పుడు పల్లెల్లో కూడా ఉంది, కానీ పెద్దవాళ్ల కోసం. పిల్లవాడికి కూడా చూడాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. యాత్ర వల్ల ఆ ఆలోచన పది ఊళ్లలో పుట్టినా చాలు.

ఇక మన జనం మాటలు సరేసరి. స్వీట్లు తినిపించి తెచ్చుకున్నారంటారు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. లడ్డూలకూ దీనికీ సంబంధం లేదు. ఇన్సులిన్‌ను మాత్రగా మింగితే పొట్టలో అరిగిపోతుంది కాబట్టి ఇంజెక్షనో, ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపో తప్పదు. 1922లో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చింది కూడా 14 ఏళ్ల కుర్రాడికే. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు. ఆకు పసరు ఇస్తాం, ఇన్సులిన్ మానేయండి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మాట విని మానేసిన పిల్లలు రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

కాబట్టి నిర్వాహకులు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగి లేపాక్షి, హిందూపురం మీదుగా వెళ్లాలి. ఒక పూట ఆలస్యమైతే అవనీయండి. బళ్లో గంటసేపు ఆగి టీచర్లతో మాట్లాడాలి. క్లాసులో పిల్లాడికి చెమటలు పట్టి చేతులు వణికితే షుగర్ పడిపోయిందేమో చూడాలనీ, వెంటనే పంచదార నీళ్లో గ్లూకోజ్ పొడో ఇవ్వాలనీ చాలామందికి తెలియదు. క్లాసులో షుగర్ చూసుకోవడానికి, ఇంజెక్షన్ వేసుకోవడానికి, మధ్యలో ఏమైనా తినడానికి ఈ పిల్లలను అనుమతించాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లోనే రాష్ట్రాలకు రాసింది. ఆ సంగతి పల్లె బడి దాకా చేరాలిగా!

సైకిలిస్టుల్లో టైప్-1 ఉన్నవాళ్లెవరైనా ఉంటే వాళ్లను ముందు నిలబెట్టండి. టీమ్ నోవో నార్డిస్క్ అనే ప్రొఫెషనల్ సైక్లింగ్ జట్టులో అందరూ టైప్-1 వాళ్లే. మన దగ్గర మాత్రం ‘ఆడపిల్ల కదా, పెళ్లికావాలి, బయట చెప్పకండి’ అని దాచిపెడుతున్నారు. దాచిన పిల్ల బళ్లో ఇంజెక్షన్ ఎలా వేసుకుంటుంది? నడుముకి ఇన్సులిన్ పంపు పెట్టుకుని సైకిల్ దిగిన అమ్మాయిని చూస్తే కొందరు తల్లులకైనా ఆ టెన్షన్ తగ్గుతుంది.

విరాళాల గురించి కూడా ఒక మాట. జెర్సీలు, మెడళ్లు తగ్గించి, షుగర్ చూసే మీటరులో పెట్టే స్ట్రిప్పులు కొనివ్వండి. రోజుకు నాలుగుసార్లు చూసుకుంటే నెలకు 120 కావాలి. ఇన్సులిన్ ఎక్కడో ఉచితంగా దొరికినా, స్ట్రిప్పులు కొనలేక అంచనా మీద ఇంజెక్షన్ వేసే ఇళ్లు నేను చూశాను. కరపత్రాలు తెలుగు, కన్నడ రెండిట్లోనూ వేయించండి. సరిహద్దు దగ్గరున్న బాగేపల్లిలో రెండూ పనికొస్తాయి. అందులో, ఫ్రిజ్ లేనివాళ్లు ఇన్సులిన్‌ను తడి ఇసుక మధ్య మట్టికుండలో పెట్టుకోవచ్చని తప్పక రాయండి. అనంతపురం ఎండలకు ఇది చిన్న విషయం కాదు.

నవంబర్ 14 మనకు బాలల దినోత్సవం, ప్రపంచ మధుమేహ దినం కూడా. ఆ రోజు మీరు యాత్ర ఫొటో ఎలాగూ వేస్తారు. దాని పక్కనే అతి దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం, విపరీతమైన నీరసం అనే నాలుగు లక్షణాలనూ బాక్స్ కట్టి, ‘వెంటనే షుగర్ చూపించండి’ అని వేయగలరా?

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కృష్ణరాజపురం, బెంగళూరు