ఏప్రిల్ 7 రాత్రి, ఒక్క గది ఇంట్లో

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. కొన్ని వారాలుగా నా సాయంత్రాలన్నీ స్కాట్లండ్ దక్షిణపు అంచున ఉన్న బెరిక్‌షైర్ పాత జనాభా లెక్కల పుస్తకాలతోనే గడుస్తున్నాయి. వాటిలో ఒక కూలి కుటుంబం నా మనసును వదలడం లేదు.

1861 ఏప్రిల్ 7 రాత్రి ఎవరెవరు ఏ ఇంట్లో ఉన్నారో రాసుకున్న పుట అది. నాగలి దున్నే భర్త, భార్య, ఐదుగురు పిల్లలు. పుట్టిన ఊరి గడి దగ్గర నా చూపు ఆగిపోయింది: ఐదుగురు పిల్లలకు నాలుగు ఊళ్లు. 1841 లెక్కల్లో అదే కౌంటీలో పుట్టారా లేదా అన్నంతవరకే అడిగారు, పదిహేనేళ్లు దాటినవారి వయసును దాని కిందున్న ఐదు గుణిజానికి దించి రాశారు. 1851 నుంచి ఊరూ, సరైన వయసూ, ఇంటి యజమానికి ఏమవుతారన్నదీ రాయడం వల్లనే, పిల్లల వయసుల పక్కన ఊళ్ల పేర్లు పెట్టి చూస్తే ఆ ఇల్లు ఏ ఏడాది ఎక్కడికి కదిలిందో ఇంచుమించు తెలిసిపోతోంది.

ఎందుకింత తిరుగుడు అంటావేమో. పెళ్లయిన సేద్యగాణ్ణి అక్కడ 'హైండ్' అనేవారు. మన పాలేరు మాదిరిగానే ఏడాదికి కుదుర్చుకునేవారు. జీతంలో ఎక్కువ భాగం ఓట్స్, బార్లీ, బంగాళాదుంపలు, ఆవుకు మేత, ఉండడానికి ఇల్లు. కుదురు తీరిందంటే ఇల్లూ పోయినట్టే. మే నెలలో సామానంతా బండికెత్తి మరో ఆసామి గడప తొక్కాలి. తలుపులున్న పెట్టెల్లాంటి చెక్క మంచాలు మాత్రం వాళ్ల సొంతం. వాటినే అడ్డంగా నిలబెట్టి ఒక్క గదిని రెండు చేసుకునేవారు. 1861లో స్కాట్లండ్ లెక్కల్లో కిటికీ ఉన్న గదులెన్ని అని కూడా అడిగారు. ఏడుగురున్న ఈ ఇంటికి ఎదురుగా '1' అని ఉంది.

పెద్దకూతురికి పదిహేడేళ్లు, వృత్తి పొలం పని. హైండ్‌గా కుదరాలంటే తనతోపాటు పొలం పనికి ఒక ఆడమనిషిని తేవాలన్నది అక్కడి షరతు; అలా వచ్చినామెను 'బాండేజర్' అనేవారు. ఒప్పందం తండ్రిది, పని చేసిన రోజుకే ఆమె కూలి. ఈడొచ్చిన కూతురు లేనివాడు బయటి మనిషిని తెచ్చి, ఆ ఒక్క గదిలోనే తిండీ పడకా ఇవ్వాలి. ఈ పద్ధతిని ఆలోచించిన కొద్దీ నాకు బాధ కలుగుతోంది; ఆ పిల్ల ఇష్టాయిష్టాలను ఆ ఒప్పందంలో ఎవరు అడిగారు?

తల్లి కథ వేరే పుస్తకంలో దొరికింది. స్కాట్లండ్‌లో జననమరణాల తప్పనిసరి నమోదు 1855 జనవరి 1న మొదలైంది. మోయలేని పని అని మరుసటి ఏడాదే కొన్ని ప్రశ్నలు తీసేశారు గానీ, ఆ ఒక్క ఏడు మాత్రం బిడ్డ పుడితే తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు, అంతకుముందు పిల్లల్లో బతికినవారెందరు, పోయినవారెందరు అని కూడా అడిగారు. అదృష్టవశాత్తు ఆ పుటలోని ఐదుగురిలో నాలుగోవాడు ఆ ఏడే పుట్టాడు. బతికినవారు ముగ్గురు, పోయినవారు ఇద్దరు. ఆ ఇద్దరూ రెండు లెక్కల నడుమ పుట్టి పోయారు కాబట్టి ఏ జనాభా పుటలోనూ లేరు; ఆ ఒక్క అంకెగానే మిగిలారు. అది చదివిన రాత్రి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఏప్రిల్ 7 తరువాత నెల దాటగానే మళ్లీ బండి కట్టే రోజు. 1871 పుస్తకంలో ఆ 1855 నాటి పిల్లవాడి కోసం వెతకడం మొదలుపెట్టాను. దొరికితే వెంటనే రాస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు