సాలూరులో తెల్లారనివ్వు

అమ్మలూ,

శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రికే వైజాగ్‌లో బయల్దేరి పండక్కి తెల్లారేసరికి సిమిలిగూడలో మన ఇంట్లో ఉంటానని నిన్న అన్నావు కదా, అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఫోన్‌లో చెబితే అన్నిటికీ "సరే నాన్నా" అనేసి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా, తీరిగ్గా రెండుసార్లు చదువు.

రావద్దనటం లేదు. నీ సంపాదనతో కొన్న కారు నువ్వే నడుపుకుంటూ మన గుమ్మం ముందు ఆపితే చూడాలని మీ అమ్మకి ఎంత ఆశగా ఉందో నాకూ అంతే ఉంది. కానీ ఆ కారు నీ చేతికి వచ్చింది ఎండాకాలంలో, నువ్వు దాన్ని తిప్పింది ఊళ్లో రోడ్ల మీద. పుష్యమాసంలో, సాలూరు దాటాక ఎక్కే ఈ సుంకి ఘాటీ కొండదారి అంటే నీకు బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోతూ వచ్చిన జ్ఞాపకమే.

నీకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి ఉంది. నేను జీపు నడిపే రోజుల్లో ఒక జనవరి తెల్లవారుజామున పొట్టంగి దాటి సాలూరు వైపు దిగుతున్నాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే బానెట్ చివర కనబడటం లేదు. ముందు ఒక లారీ వెనక ఎర్రలైటు కనిపిస్తే హమ్మయ్య అనుకుని దాన్నే పట్టుకుని వెళ్లాను, అది కాస్త దూరమైతే భయం వేసి తెలియకుండానే ఇంకా దగ్గరకు వెళ్లాను. మలుపులో ఆ లారీ ఆగిపోయింది. బ్రేకు మీద నిలబడ్డా తడి రోడ్డు మీద జీపు ఆగలేదు. మీ చిన్న మావయ్య మోకాలు పోయింది అప్పుడే. నువ్వు చిన్నదానివని, నూతి గట్టు మీద జారాడని చెప్పాం. ఈరోజుకీ వాడు మెట్లెక్కడానికి నా చెయ్యి పట్టుకుంటే ఆ మలుపే గుర్తొస్తుంది.

కాబట్టి మంచులో ఎవరి లైటునీ నమ్ముకుని వెళ్లకు. నీ కంటికి ఎంత దూరం కనబడుతోందో అంతలో ఆగగలిగే స్పీడే నీ స్పీడు. లెక్క వేసి చూడు, 60లో వెళ్లే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉందని నీ కంటికి తోచి, కాలు బ్రేకు మీదకి వచ్చేసరికే ఒకటిన్నర సెకను అయిపోతుంది, అంటే 25 మీటర్లు, ఆ తర్వాతే బ్రేకు పట్టడం మొదలవుతుంది. కనబడేదే 20 మీటర్లయితే ఇంకేం చేస్తావు? అలాంటప్పుడు 20 స్పీడులో వెళ్లినా తప్పు లేదు, వెనకవాడు హారన్ కొడితే కొట్టనీ.

లైట్ల సంగతి. కనబడటం లేదని చాలామంది హై బీమ్ వేస్తారు. ఆ వెలుగు మంచు బిందువుల మీద పడి తిరిగి మన కళ్లలోకే వచ్చి తెల్లగోడలా నిలబడుతుంది. లో బీమ్ కిందికి పడుతుంది గనక రోడ్డు అంచు, తెల్లగీత కనబడతాయి. ఫాగ్ ల్యాంపులు ఉంటే అవి కూడా వేసుకో. నడుపుతూ నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని వెళ్లేవాళ్లు ఘాటీ నిండా ఉంటారు, నువ్వు ఆ పని చెయ్యకు. వెనకవాడికి నువ్వు ఆగి ఉన్నావో కదులుతున్నావో తెలియదు, ఎటు తిరుగుతావో అసలే తెలియదు. రోడ్డు దిగి పూర్తిగా పక్కకి ఆపినప్పుడే అవి. ఆపినా రోడ్డు మీద మాత్రం ఆపకు, కారులో కూర్చోకుండా దిగి కొండవైపు దూరంగా నిలబడు.

ఇంకొకటి, బయట మంచు కన్నా లోపల అద్దానికి పట్టే ఆవిరి మోసం చేస్తుంది. నలుగురు ఊపిరి వదిలితే అయిదు నిమిషాల్లో మూసేస్తుంది. చలిగా ఉందని ఏసీ ఆపకు, ఏసీ, హీటరు రెండూ వేసి గాలిని ముందు అద్దం మీదకి తిప్పు, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టు. కిటికీ వేలెడంత దించితే ఇంకా మంచిది, ఎదురు బండి హారన్ కూడా వినబడుతుంది. పాటలు కట్టేయ్.

మంచు పడిన రోడ్డు వాన పడినట్టే తడుస్తుంది, పైగా కోతల కాలం కదా, ట్రాక్టర్ల టైర్ల నుంచి రాలిన పొలం మట్టి దాని మీద జిగురులా పరుచుకుంటుంది. మలుపులోకి వెళ్లే ముందే బ్రేకు వేసుకో, మలుపు మధ్యలో వద్దు. జారినట్టు అనిపిస్తే యాక్సిలరేటర్ వదిలెయ్, కారు ఎటు వెళ్లాలో అటే చూస్తూ స్టీరింగ్ మెల్లగా తిప్పు. నీ కారుకి ఏబీఎస్ ఉంది, బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూస్తుంది, నిజంగా ఆపాల్సి వస్తే గట్టిగా తొక్కి పట్టుకో, కాలి కింద పెడల్ గడగడలాడుతుంది, కంగారుపడి వదిలెయ్యకు. ధాన్యం వేసుకెళ్లే ట్రాక్టర్లలో చాలావాటికి వెనక లైటు ఉండదు. నల్ల దుప్పటి కప్పుకుని, నెత్తిన బుట్ట పెట్టుకుని కుందులి సంతకి నడిచి వెళ్లే ఆడవాళ్లు నీ లైటు వాళ్ల మీద పడేదాకా కనబడరు. ఈ మంచుని ఇక్కడి ఒడియావాళ్లు కుహుడి అంటారు, అది దిగిన పొద్దున మా టీ కొట్టు దగ్గర అందరూ ముందు అడిగేది రోడ్డు మీద ఏమైనా అయిందా అనే.

టైర్ల గాలి బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూపించు. తిరిగి దిగేటప్పుడు న్యూట్రల్ అనే మాటే వద్దు, సెకండ్ గేర్‌లో ఇంజనే బండిని పట్టుకుంటుంది, లేకపోతే బ్రేకులు కాలి వాసన వచ్చి, పట్టు తప్పిపోతాయి. ఇరుకు చోట ఎక్కేవాళ్లకి దారి ఇవ్వాల్సింది దిగే నువ్వే. అరకు, నందపూర్ మీదుగా వస్తానని మాత్రం అనకు, రాత్రిపూట ఆ దారి నాకే ఇష్టం ఉండదు.

ఇప్పుడు నేను అడిగేది. శుక్రవారం సాయంత్రమే బయల్దేరు. విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు వచ్చి ఆగిపో. మీ పెద్దమ్మకి ఫోన్ చేశాను, నీకు పక్క వేసి ఉంచుతుంది. తెల్లవారుజామున మంచు ఎక్కువ, గాలి కదలని రాత్రుల్లో చలి లోయలోకి దిగి అక్కడే కూర్చుంటుంది, ఎండ తగిలేదాకా లేవదు. తొమ్మిది దాటాక నాకు ఫోన్ చెయ్యి, సుంకిలో తెలిసినవాళ్లని అడిగి పైన ఎలా ఉందో చెబుతాను, అప్పుడు ఎక్కుదువుగాని. భోజనానికి ఇంట్లో ఉంటావు. పండక్కి నాలుగు గంటలు ఆలస్యమైతే ఏం పోదు, పిండివంటలు నీకోసం అలాగే ఉంటాయి.

పెద్దమ్మని అడిగి ఒక పాత నూలుగుడ్డ తీసుకో. బయల్దేరే ముందు ముందు అద్దం లోపలివైపు శుభ్రంగా తుడువు, మురికి అద్దానికి ఆవిరి తొందరగా పడుతుంది. ఆ గుడ్డ డిక్కీలో పడెయ్యకు, పక్క సీట్లో చేతికందేలా పెట్టుకో.

మీ నాన్న