చెల్లెమ్మకి మూడో నెలట కదా!

ఒరేయ్ శీనూ,

గాలి కాలుష్యం వల్ల బిడ్డ గుండెలో లోపం మూడు రెట్లు ఎక్కువగా వస్తుందని ఫోన్లో చదివి బెంగపడుతున్నావు. ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే ఉత్తరం రాస్తున్నా. ఇంత మంచి కబురు ఇప్పుడా చెప్పడం! మూడో నెల వచ్చేదాకా నోరు విప్పొద్దని మీ అమ్మగారు కట్టడి చేసుంటారులే.

చిక్కంతా అక్కడే ఉంది. బిడ్డ గుండె కొట్టుకోవడం ఆరో వారం ప్రాంతంలో మొదలవుతుంది. గదులు, గోడలు, కవాటాలు పదో వారానికల్లా దాదాపు రూపు కట్టేస్తాయి. మనవాళ్లు కబురు బయటపెట్టే వేళకి ఆ పని అయిపోయి ఉంటుంది. ఇప్పుడు నువ్వు చెల్లెమ్మని హడావిడిగా పల్లెటూరు పంపించినా రెండో నెలలో పీల్చిన గాలి మారదు. దాన్ని తవ్వుకోవడం మానెయ్.

నువ్వు భయపడుతున్న ఆ 'మూడు రెట్లు' అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో బియాటే రిట్జ్ బృందం 2002లో ప్రచురించిన లెక్క. 1987–93 మధ్య దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టిన పిల్లల రికార్డులు చూశారు. రెండో నెలలో కార్బన్ మోనాక్సైడ్ (బండ్ల పొగలో ఉండే విషవాయువు) బాగా ఎక్కువున్న చోట, గుండె కింది గదుల మధ్య గోడకి చిల్లుపడ్డ పిల్లలు ఎక్కువగా కనిపించారు. కానీ తల్లి సిగరెట్ తాగేదా, విటమిన్ మాత్రలు వేసుకుందా అన్న వివరాలు వాళ్ల దగ్గర లేవు. తర్వాత వచ్చిన అధ్యయనాలూ ఒక్క మాట మీద లేవు. పైగా అన్ని రకాల గుండె లోపాలూ కలిపినా పుట్టేవాళ్లలో నూటికి ఒకరికే. ఆ మూడు రెట్లు అందులో ఒక్క రకానికి.

అలాగని మన గాలి మంచిదని అనను. 2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి బాగాలేని ఊళ్ల జాబితాలో విజయవాడా ఉంది, మీ గుంటూరూ ఉంది. మా పటమట బాల్కనీలో తెల్ల పంచె ఆరేస్తే, తీగ తగిలిన చోట సాయంత్రానికి నల్లటి చార!

నువ్వు కొన్న ఎన్95 మాస్క్ దుమ్మునాపుతుంది గానీ కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. అందుకే చెల్లెమ్మ స్కూటీ మీద విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా రావడం మానిపించి రైలెక్కించు. పడగ్గదిలో దోమల కాయిల్ తీసేసి తెర కట్టు. భోగికి టైర్లు తగలబెట్టే మీ వీధి కుర్రాళ్ల దగ్గరికి పోనివ్వకు. గుండె సంగతి అటుంచినా, పొగవల్ల బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకుండా కాన్పవడం లాంటివి ఉన్నాయి కాబట్టి ఈ జాగ్రత్త ఇప్పుడూ వృథా కాదు.

నన్నడిగితే గాలికన్నా ముందు షుగర్ పరీక్ష సంగతి చూడు. మొదటి నెలల్లో అదుపులో లేని షుగర్ బిడ్డ గుండెకి చేటని డాక్టర్లు ఖాయంగా చెబుతారు. 18–22 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఎలాగూ ఉంటుంది. అందులో అనుమానమొస్తే ఫీటల్ ఎకో, అంటే కడుపులో బిడ్డ గుండెని ప్రత్యేకంగా చూసే స్కాన్, రాస్తారు. ఒకవేళ చిన్న చిల్లు కనబడినా అలాంటివి చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి. ఆ మాట డాక్టరమ్మ నోటే విను, అర్ధరాత్రి ఫోన్లో వెతక్కు.

స్కాన్‌కి కారు నేను తెస్తా. తేదీ వారం ముందే చెప్పు, సెలవడిగితే మా మేనేజరు మొహం ఎలా పెడతాడో నీకు తెలుసుగా.

నీ
రవి