సెలవు పెట్టిన టీచరు స్థానంలో ఎవరు? మండలానికి నలుగురు కావాలి

సంపాదకులకు,

అయ్యా,

టీచరు రాక ఊరి బడి తెరుచుకోలేదనీ, పిల్లలు గేటు దగ్గరే నిలబడి ఇళ్లకు వెళ్లిపోయారనీ జిల్లా పేజీల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. మర్నాడు టీచరుకో మండల విద్యాధికారికో (ఎంఈఓకో) మెమో అందుతుంది. విషయం అక్కడితో ఆగిపోతుంది. మెమోలు ఎన్ని ఇచ్చినా ఈ జబ్బు తగ్గదు. మన ఆంధ్రప్రదేశ్‌లో మండలానికి ఎంతమంది టీచర్లు కావాలో లెక్క కట్టేటప్పుడే ఒక అంకె వదిలేస్తున్నాం.

ప్రాథమిక బడుల్లో 60 మంది టీచర్లు పనిచేసే గ్రామీణ మండలాన్ని ఉదాహరణకు తీసుకుందాం. ఒక్కొక్కరికి ఏడాదికి 15 సాధారణ సెలవులు. అరవై మందికి 900 రోజులు. పనిదినాలు 220 అనుకుంటే, భాగించి చూస్తే నాలుగు పైచిలుకు వస్తుంది. అంటే ఎవరి తప్పూ లేకుండానే, బడి గంట మోగిన ప్రతి రోజూ ఆ మండలంలో సగటున నలుగురు టీచర్లు సెలవులో ఉంటారు. ఏడు ప్రత్యేక సాధారణ సెలవులు కూడా కలిపితే ఆరుగురవుతారు. మహిళా టీచర్లకు అదనంగా ఉన్న ఐదు రోజులు, శిక్షణలు, క్లస్టర్ (దగ్గరదగ్గరి బడుల సమూహం) సమావేశాలు ఇందులో కలపలేదు.

దీర్ఘకాలిక సెలవులు వేరే. ప్రసూతి సెలవు 180 రోజులు. బడులు తెరిచిన జూన్ 12న మొదలైతే డిసెంబరు రెండో వారం దాకా ఆ టీచరు రారు. అప్పటికి ఒకటో తరగతి పిల్లవాడికి అక్షరాలు, గుణింతాలు వచ్చి ఉండాలి. శిశు సంరక్షణ సెలవు విడతలుగా మరో 180 రోజులు. ఇవి ఇవ్వాల్సిన సెలవులే, ఇందులో రెండో మాట లేదు. టీచర్లకు సెలవులు ఎక్కువని నిష్ఠూరమాడేవారు ఒకటి గమనించాలి. వేసవి సెలవులున్న శాఖ కాబట్టి, మిగతా ప్రభుత్వోద్యోగులకు ఏడాదికి 30 ఆర్జిత సెలవులుంటే టీచరుకు ఆరే. ఇంట్లో జ్వరమొచ్చినా, పెళ్లి ఉన్నా, బ్యాంకు పని పడినా ఎక్కువగా వాడుకోవాల్సింది ఆ సాధారణ సెలవుల్లోంచే.

ఇక పోస్టుల మంజూరు పిల్లల సంఖ్యను బట్టి జరుగుతుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు టీచర్లుండాలి. చట్టం అలా ఉన్నా, పిల్లల సంఖ్య తగ్గిన వేల బడులు ఒక్క టీచరుతోనే నడుస్తున్నాయి. ఈ సూత్రాలన్నీ టీచరు ఏడాదిలో ప్రతి పనిదినమూ బడిలో ఉంటారన్న ఊహ మీద కట్టినవి. పది మంది టీచర్లున్న హైస్కూల్లో ఒకరు రాకపోతే పీరియడ్లు సర్దుకుంటారు. ఇద్దరున్న బడిలో ఒకరు రాకపోతే ఐదు తరగతులు ఒక్కరి మీద పడతాయి. ఒక్కరే ఉన్నచోట ఆ ఒక్కరూ రాకపోతే బడే లేదు.

ఆ ఉదయం ఎలా నడుస్తుందో చూడండి. ఎనిమిదింటికి టీచరు ఫోన్ చేసి, పిల్లవాడికి వాంతులవుతున్నాయి, రాలేనని చెబుతారు. ఎంఈఓ మొదట క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచరును, అంటే సీఆర్ఎంటీని వెతుకుతారు. టీచరు లేని బడికి వెళ్లి పాఠం చెప్పడం కూడా ఆ ఉద్యోగం బాధ్యతల్లో ఒకటి, పేరులో మొబైల్ అన్న మాట ఉన్నదీ అందుకే. అయితే ఆ సమయానికి ఆయన బడులు, పిల్లల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో ఆధార్ తప్పులు సరిచేస్తూనో, కిట్ల పంపిణీ లెక్క ఎక్కిస్తూనో మండల వనరుల కేంద్రంలో కూర్చుని ఉంటారు. ఆ పని సాయంత్రంలోగా పంపాలని జిల్లా నుంచి అప్పటికే రెండు సందేశాలు వచ్చి ఉంటాయి. దాంతో ఎంఈఓ పక్క ఊళ్లో ఇద్దరున్న బడికి ఫోన్ చేసి ఒకరిని పంపమంటారు. ఆ టీచరు సొంత బడికి వెళ్లి, పిల్లల్ని తోటి టీచరుకు అప్పగించి, బండి మీద ఈ ఊరు చేరేసరికి పదిన్నర.

చేరాక అసలు చిక్కు మొదలవుతుంది. గది తాళం వంట ఆమె దగ్గర ఉంటుంది, తలుపు తెరుస్తుంది. లోపలి బీరువా తాళంచెవి మాత్రం సెలవులో ఉన్న టీచరు బ్యాగులో ఉంటుంది. హాజరు పట్టీ, బడి ట్యాబ్, భోజనం రిజిస్టరు, గుడ్ల స్టాకు పుస్తకం అన్నీ బీరువాలోనే. పిల్లల సంఖ్య చెబితే తప్ప వంట ఆమె బియ్యం కొలవలేదు. తలకు 100 గ్రాముల చొప్పున 24 మందికి రెండు కిలోల నాలుగు వందల గ్రాములు పొయ్యి మీద పెట్టాల్సిన వేళ అప్పటికే దాటిపోతుంటుంది. వచ్చిన టీచరుకు ఏ పిల్లవాడు ఎక్కడిదాకా చదివాడో తెలియదు. మూడో తరగతిలో ఉంటూ ఇంకా ఒత్తులు రాని వాళ్లు ఎవరో తెలియదు. చేసేదిలేక ఎక్కాలు చదివించి, బొమ్మలు వేయించి మూడున్నర దాకా కూర్చోబెడతారు. అదే సమయంలో ఆయన వదిలి వచ్చిన బడిలో యాభై మంది ఒక్కరి చేతిలో ఉంటారు. ఒక చిరుగుకు అతుకు వేయడానికి మరో చోట గుడ్డ చించినట్టు. సర్దుబాటు పేరుతో ఇలాంటి రోజులు ఒక మండలంలో ఏడాదికి వందల్లో ఉంటాయి. ఇవి ఏ నివేదికలోనూ కనిపించవు. కాగితం మీద ఆ రోజు రెండు బడులూ నడిచినట్టే లెక్క.

ఊళ్లో చదువుకున్న అమ్మాయిని ఎవరినైనా ఆ పూటకు కూర్చోబెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. ఆ అమ్మాయికి ఎవరు డబ్బివ్వాలి? సమగ్ర శిక్షా పథకం కింద 30 మంది వరకు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే మొత్తం గ్రాంటు రూ.10,000. అందులో పదో వంతు పారిశుద్ధ్యానికి. మిగిలిన తొమ్మిది వేలు పన్నెండు నెలలకు పంచితే నెలకు 750. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, కుళాయి మరమ్మతు అన్నీ దానిలోనే. 31వ పిల్లవాడు చేరితే గ్రాంటు రూ.25,000 అవుతుంది గానీ, ఆ సొమ్ము కూడా మనిషికి జీతమివ్వడానికి కాదు. చివరికి టీచర్లే తమ జేబులోంచి నెలకు ఇంతని ఇచ్చి నెట్టుకొస్తున్న బడులున్నాయి. పిల్లల భద్రత దృష్ట్యా అది తప్పు, చట్టప్రకారం అంతకన్నా తప్పు. అయినా వాళ్లను తప్పుపట్టడానికి నోరు రాదు.

ఖాళీ పోస్టుల్లో తాత్కాలికంగా తీసుకునే అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లతోనూ ఇది తీరదు. వాళ్ల నియామకం తరచూ ఆలస్యంగా జరుగుతుంది, వేసవితో ముగుస్తుంది. పైగా ఖాళీగా ఉన్న పోస్టు వేరు, మనిషి ఉండీ ఆ రోజు లేని పోస్టు వేరు.

మరి చేయాల్సిందేమిటి? మంజూరైన ప్రతి 15 టీచరు పోస్టులకు ఒక సెలవు రిజర్వు పోస్టు, అంటే సెలవులో ఉన్నవారి బదులు వెళ్లే టీచరు పోస్టు, ఇవ్వాలి. అరవై మంది ఉన్న మండలానికి నలుగురు. పిల్లల సంఖ్యను బట్టి మిగులుగా తేలిన టీచర్లను క్లస్టర్‌కు చేర్చి సర్దుకొమ్మంటే చాలదు. మిగులు ఈ ఏడాది ఉంటుంది, వచ్చే బదిలీల్లో కరిగిపోతుంది. ఇది మంజూరు సంఖ్యలో చేరిన పోస్టు కావాలి, హేతుబద్ధీకరణలో, అంటే బడుల మధ్య పోస్టులు సర్దేటప్పుడు, పిల్లల నిష్పత్తితో ముడిపెట్టి తీసేయడానికి వీల్లేని పోస్టు కావాలి. నలుగురినీ మండల కేంద్రంలో ఒకేచోట పెట్టకూడదు. దూరపు ఊళ్లకు అరగంటలో చేరగలిగేలా ఒక్కో మూలన ఉన్న క్లస్టర్ హైస్కూలుకు ఒక్కొక్కరిని అనుసంధానించాలి. రాకపోకల భత్యం నెలకింతని స్థిరంగా ఇవ్వాలి. బిల్లు పెట్టుకుని ఆరు నెలలు ఎదురుచూడాలంటే ఎవరూ ఆ పోస్టు కోరుకోరు.

ఎక్కడికి ముందు పంపాలన్నది కాగితం మీద ఉండాలి. ముందు ఏకోపాధ్యాయ బడి. తర్వాత ప్రసూతి సెలవు వల్ల ఒక్కరే మిగిలిన బడి. ఆ తర్వాతే ఇద్దరున్న బడి. ఈ వరుస లేకపోతే రోడ్డు పక్కనున్న పెద్ద బడి పలుకుబడితో రిజర్వు టీచరును తన దగ్గరే ఉంచేసుకుంటుంది. సెలవులు లేని రోజున కూడా వీళ్లకు పని ఉంది. క్లస్టర్‌లో చదవడం రాని మూడు, నాలుగు తరగతుల పిల్లలకు వారం వారం బోధించే పని అప్పగిస్తే, అవసరమొచ్చిన రోజు ఆ పిల్లలు వీళ్లకు కొత్తవాళ్లు కారు. కార్యాలయంలో కూర్చోబెట్టి డేటా ఎక్కించే పని మాత్రం రాతపూర్వకంగా నిషేధించాలి. సీఆర్ఎంటీల విషయంలో జరిగింది అదే కదా.

పెద్ద ఖర్చు లేకుండా రేపే చేయగలిగినవి కూడా రెండున్నాయి. బీరువాకు రెండో తాళంచెవి చేయించి క్లస్టర్ ప్రధానోపాధ్యాయుడి దగ్గర సంతకం తీసుకుని ఉంచాలి. ప్రతి శుక్రవారం టీచరు ఒక అరపేజీ రాసి హాజరు పట్టీలో పెట్టాలి. ఏ తరగతి ఏ పాఠంలో ఉంది, చదవలేనివాళ్ల పేర్లు, మందులు వాడే పిల్లలుంటే ఆ వివరం. వచ్చిన మనిషికి ఆ అరపేజీ చాలు, రోజు వృథా కాదు.

నాలుగు జీతాల భారం గురించి ఆర్థిక శాఖ అడుగుతుంది, అడగాలి కూడా. రైల్వేలో స్టేషన్ మాస్టరు సెలవు పెడితే స్టేషన్ మూయరు. ఆ సెలవుల కోసమే కొంత శాతం అదనపు పోస్టులు లెక్కగట్టి మంజూరు చేస్తారు. బండి ఆగకూడదని అక్కడ పెట్టిన ఖర్చే ఇక్కడా అడుగుతున్నాం. ఇప్పుడు కూడా ఆ నలుగురి పనిదినాల నష్టం జరుగుతూనే ఉంది, దాన్ని మోస్తున్నది ఒకటి, రెండు తరగతుల పిల్లలు.

తొందరకు మరో కారణం ఉంది. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణనకు, ఎన్నికలకు, విపత్తు సాయానికి టీచర్లను వాడుకోనిస్తుంది. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కింపు ఉంది, గణకుల్లో ఎక్కువమంది టీచర్లే. వార్షిక పరీక్షలు దగ్గరపడే కాలం అది. ఏకోపాధ్యాయ బడి టీచరుకు ఆ విధి వేసే ముందు, బదులు ఎవరు వెళ్తారో అదే ఉత్తర్వులో రాసేలా కలెక్టర్లను ఆదేశించాలి.

యూడైస్‌లోని పిల్లల సంఖ్యల మీద వచ్చే ఏడాది పోస్టుల లెక్క మొదలవుతుంది. ఆ పట్టికలో సెలవు రిజర్వుకు ఒక నిలువు వరుస కలపాలని పాఠశాల విద్యాశాఖను కోరుతున్నాం. మే నెల బదిలీలకు ముందే జీవో వస్తే, కోరుకునే టీచర్లు ఆ పోస్టులను ఎంచుకునే వీలుంటుంది.

ఇట్లు,
విశ్రాంత మండల విద్యాధికారి, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు
ప్రకాశం జిల్లా