ఎక్కిళ్ళు ఆగాయిరా గార్డూ!

ఒరేయ్ గార్డూ,

ముందు తిట్టాలనుకున్నవన్నీ తిట్టేసుకో, నేను ఆగుతాను. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. అప్పటినుంచీ నా వర్క్‌బెంచ్ మీద, సాల్డరింగ్‌కి వాడే ఫ్లక్స్ సీసా కింద పడి ఉంది, ఓ మూల పసుప్పచ్చ మరక కూడా పట్టింది. జవాబు రాయకపోవడం బద్ధకం కాదురా, పంతం. నా బొమ్మ రైలింజన్ సరిగ్గా నడిస్తే తప్ప నీకు రాయకూడదని ఒట్టేసుకున్నాను. రాస్తున్నానంటే అర్థమైందిగా?

ఇంట్లో అందరూ క్షేమం. అమ్మ మోకాలు ఫరవాలేదు, పెద్దాడి పరీక్షలు అయిపోయాయి, ఆఫీసులో ఎప్పటి గోలే. అంతే, ఇంకేమీ లేవు.

పోయినసారి నువ్వు వచ్చినప్పుడు చూశావు కదా, మోటార్ తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం చక్రం ఒక్కో చుట్టుకి ఒక్కోసారి "ఇక్" మని ఆగి కదిలేది. దానికి ఎక్కిళ్ళ బండి అని పేరు పెట్టి, "ఎవరో తలుచుకుంటున్నట్టున్నారు, మంచినీళ్ళు తాగించు" అని నవ్వి వెళ్ళిపోయావు. ఆ తర్వాత ఆ ఎక్కిళ్ళు నాకు నిద్రలో కూడా వినిపించాయి.

మోటార్ మీదే నా మొదటి అనుమానం. చక్రాల్ని ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ రాడ్లు, అటొకటీ ఇటొకటీ, రెండూ తీసేసి నడిపితే వెన్నలా జారింది. అంటే మోటార్ నిర్దోషి, దాని తిప్పుడు ఇరుసుకి అందించే వర్మ్ గేర్ నిర్దోషి. రాడ్లు తగిలిస్తే మళ్ళీ ఇక్. సరే, రాడ్లకున్న రంధ్రాలు బిగుతుగా ఉన్నాయేమోనని రీమర్ పెట్టి ఒక పిసరు పెద్దవి చేశాను. కొంచెం తగ్గింది. ఇంకో పిసరు. ఇంకొంచెం తగ్గింది. నా సంగతి తెలుసుగా, తగ్గుతోందంటే ఆగను. చివరికి రాడ్లు వదులు గాజుల్లా గలగలలాడడం మొదలెట్టాయి, ఎక్కిళ్ళు మాత్రం పోలేదు.

ఇక కొత్త రాడ్లు చేసుకోక తప్పలేదు. రెండు రేకు ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి సాల్డర్‌తో అతికించి, కలిపే రంధ్రాలు వేసి, కలిపే ఆకురాయితో అరగదీసి, ఆఖర్న వేడిచేసి విడదీశాను. అలా చేస్తే రెండూ కవలల్లా వస్తాయి. మూడు రాత్రులు పట్టింది. ఎంత ముచ్చటగా వచ్చాయో! తగిలించాను. ఇక్.

ఆ రాత్రి దాన్ని పెట్టెలో పెట్టేసి, వారం రోజులు గదిలోకే వెళ్ళలేదు. (ఆ కోపంలోనే చిమ్నీని కూడా నాశనం చేశాను. సీసం లాంటి మెత్తటి లోహంతో పోతపోసిన చిమ్నీ అది, ఇత్తడికి వాడే వేడి మీదే సాల్డరింగ్ ఐరన్ ఆనించాను. రెప్ప వేసేలోపు చిమ్నీ లేదు, ఓ వెండి బొట్టు ఉంది. నవ్వకు.)

ఇప్పుడు అసలు సంగతి. వారం తర్వాత మళ్ళీ కూర్చుని రాడ్ ఊడదీస్తుంటే, చక్రానికి రాడ్ తగిలించే క్రాంక్ పిన్ చివర ఉండే బుల్లి నట్టు ట్వీజర్స్‌లోంచి టింగుమని ఎగిరింది. ఆవగింజంత ఉంటుంది. టార్చ్ నేలకి ఆనించి పడుకోబెట్టి వెతికాను, అలా పెడితే ఎంత చిన్న వస్తువుకైనా పొడుగాటి నీడ పడుతుంది. స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ఉంది చూడు, అది పట్టుకుని గదంతా పాకాను. గంటసేపు. మేకులు దొరికాయి, నువ్వు పోగొట్టిన ఆ మూడో స్క్రూ కూడా దొరికింది (ఇన్నాళ్ళూ నా మీద వేశావు!). నట్టు మాత్రం లేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "ఆ నట్టు ఇత్తడిదని కదూ చెప్పారు?" అంది. అంతే అని వెళ్ళిపోయింది. ఇత్తడికి అయస్కాంతం అంటదు కదరా. నేను నేల మీదే కాసేపు అలా కూర్చుండిపోయాను.

వేరే నట్టు లేదు. విసుగెత్తి, ఒకవైపు రాడ్ లేకుండానే బండిని పట్టాల మీద పెట్టి కరెంటిచ్చాను. ఊరికే, ఏదో చూద్దామని.

ఇక్ లేదు!

నాకు చెమటలు పట్టాయి. ఆ రాడ్ తగిలించి రెండోవైపుది తీశాను. (నట్టు బదులు కరెంటు తీగ తొడుగులోంచి ఓ సన్నటి రింగు కోసి పిన్నుకి తొడిగాను, బ్రహ్మాండంగా పట్టింది.) అప్పుడూ ఇక్ లేదు. ఎడమది ఒక్కటే ఉంటే మంచిది, కుడిది ఒక్కటే ఉంటే మంచిది, రెండూ కలిస్తేనే గొడవ. అంటే తప్పు రాడ్లలో లేదు, చక్రాల్లో ఉంది!

ఆవిరి ఇంజన్లో ఎడమ పిన్నూ కుడి పిన్నూ ఒకే చోట ఉండవు, ఒకదానికి ఒకటి 90 డిగ్రీల తేడాలో ఉంటాయి. ఒకవైపు రాడ్ తోయడానికి బలం చాలని కొసలో ఉన్నప్పుడు, రెండోవైపుది పూర్తి బలంతో లాగుతుంది. లేకపోతే బండి సరిగ్గా ఆ కొసలో ఆగితే మళ్ళీ కదలదు. బొమ్మ ఇంజన్ అయినా అదే పద్ధతి. నా బండికి మూడు ఇరుసులు, మోటార్ తిప్పేది వెనక ఇరుసునే, మిగతా రెండిటినీ రాడ్లే తిప్పాలి. మూడు ఇరుసుల మీదా ఆ తేడా ఒకేలా ఉండాలి. నా మధ్య ఇరుసు మీద ఓ నాలుగు డిగ్రీలు పక్కకి పోయింది. పిన్ను ఇరుసు నుంచి 3 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, అక్కడ నాలుగు డిగ్రీలంటే 0.2 మిల్లీమీటర్లు. ఆ కాస్త దగ్గరే కుడి రాడ్డూ ఎడమ రాడ్డూ కీచులాడుకుంటున్నాయి. నేనేమో రంధ్రాలు పెంచి వాళ్ళ మధ్య రాజీ కుదురుద్దామని చూశాను!

చక్రాన్ని ఇరుసు మీద ఊరికే చేత్తో తిప్పి సరిచేద్దామంటే కుదరదు, తిప్పినకొద్దీ పట్టు వదులైపోతుంది. అందుకని జిగ్ ఒకటి చేశాను, చక్రాల్ని ఒకే కోణంలో పట్టి ఉంచే అచ్చు లాంటిది. మందపాటి ప్లాస్టిక్ దిమ్మలో ఇరుసు కూర్చునే గాడి, ఎడమ పిన్ను ఆనడానికి ఒక మెట్టు, కుడి పిన్ను ఆనడానికి ఒక నిలువు గోడ. తీరా చేశాక మట్టం పెట్టి చూస్తే మూలలోంచి వెలుతురు కనబడుతోంది, సరిగ్గా 90 రాలేదు. ఏడుపొచ్చింది. మళ్ళీ ఆలోచిస్తే, అది 88 అయినా 92 అయినా ఫరవాలేదురా, మూడు ఇరుసులూ అదే జిగ్‌లోంచి వస్తే చాలు. మూడూ ఒకే తప్పు చేస్తే బండి నడుస్తుంది. లెక్కల పరీక్షలో మన ముగ్గురి విషయంలో మాత్రం ఆ సూత్రం పనిచేయలేదు!

అర్ధరాత్రి దాటాక పట్టాల మీద పెట్టాను. కంట్రోలర్ నాబ్‌ని తిప్పీ తిప్పనట్టు తిప్పాను. కదిలింది. చక్రం ఒక్క చుట్టు తిరగడానికి నాలుగు సెకన్లు పట్టింది. 14 మిల్లీమీటర్ల చక్రం, అంటే చుట్టుకి 44 మిల్లీమీటర్లు. మనది 1:87 స్కేలు కదా, 87తో గుణించి చూస్తే నిజం బండి గంటకి మూడున్నర కిలోమీటర్లు పోయినట్టు. మనిషి నడక కంటే నెమ్మది! రాడ్లు రెండూ ఒకటి పైకి, ఒకటి కిందికి, ఎక్కడా తడబాటు లేదు. ముఖం పట్టాల ఎత్తుకి దించి, ఊపిరి బిగబట్టి చూశాను. ఒక స్లీపరు, ఇంకో స్లీపరు... ప్లాట్‌ఫారం చివర నీ బొమ్మ ఉంది. రెండు సెంటీమీటర్ల మనిషివి, చేతిలో పచ్చజెండా. (కుడి చెయ్యి విరిగింది, జెండా ఎడమ చేతికి అతికించాను, డ్యూటీ రూల్స్ అడక్కు.) బండి నీ పక్కనుంచి వెళ్ళింది. అలా పదకొండుసార్లు నడిపాను.

తర్వాత ఆపేశాను. ఎందుకో కొంచెం దిగులేసింది కూడా. ఇల్లంతా నిద్రపోతోంది, ఎవర్ని లేపను? లేపినా "నడిచిందా, మంచిది, పడుకో" అంటారు. ఆ ఇక్ మానేసిందని ఎగిరి గంతేసేవాడివి నువ్వొక్కడివే, నువ్వేమో...

సరేలే. చిమ్నీ ఈసారి ఇత్తడిదే పెడుతున్నాను. ఇంకోటుంది, పట్టాలు చివర గుండ్రంగా తిరిగి తన మీదే వచ్చి కలిసేలా వేద్దామనుకుంటున్నాను, కానీ అలా చేస్తే ఎడమ పట్టా వెళ్ళి కుడి పట్టాకి తగిలి షార్ట్ అవుతుంది, దానికి నీ బుర్ర కావాలి, ఎలాగంటే

బయట హారన్ కొడుతున్నారు. ఈ ఉత్తరం వాళ్ళ చేతికే ఇచ్చి పంపాలి, మిగతాది వచ్చే ఉత్తరంలో.

అన్నట్టు, నట్టు దొరికింది. ఇవాళ జవాబు రాద్దామని నీ ఉత్తరం విప్పితే రెండో మడతలోంచి జారిపడింది.

నీ డ్రైవరు