డాబా మీది గదికి కప్పు

హైదరాబాద్,
మార్చి 12

బిడ్డా,

డాబా మీద 12×15 గదికి స్లాబు వేయాలా, రేకులు వేయాలా అని అడిగావు. ఐదంగుళాల స్లాబంటే గది మేరకే 75 ఘనపుటడుగుల కాంక్రీటు, బరువు ఐదు టన్నుల పైమాటే. పిల్లర్లు అంత మోస్తాయని ఇంజనీరు చూసి చెబితే తప్ప ఆ ఊసు వద్దు. పైగా మన ఎండలకు స్లాబు పగలంతా కాగి, రాత్రి ఆ సెగ లోపలికి వదులుతుంది.

సిమెంటు రేకులు చవక అంటారు. వాటిలో చాలావరకు ఆస్బెస్టాస్ కలిసినవే. కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ రావచ్చు. పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. మంగుళూరు పెంకులకు వాలు బాగా ఎక్కువ కావాలి, కోతి గెంతితే పగులుతాయి. ఒంటి ఇనుప రేకు మే నెలలో పెనంలా కాలుతుంది, వానొస్తే లోపల మాట వినబడదు.

మీరు పడుకునే గది కాబట్టి పఫ్ ప్యానెలే వేయించు. రెండు రేకుల నడుమ 50 మిల్లీమీటర్ల ఫోము ఉంటుంది. చూరుతో కలిపి 15×18 అడుగుల కప్పు మొత్తం సుమారు మూడు వందల కిలోలే, ఇనుప పైపులు వేరు. ప్యానెల్ ఒక్కోటి మీటరు వెడల్పు కప్పుతుంది, ఆరు సరిపోతాయి. పొడవు పదిహేనున్నర అడుగులు ఒకే ముక్కగా ఫ్యాక్టరీలోనే కోయించు, మధ్యలో అతుకు ఉండకూడదు. కొనేటప్పుడు "హాఫ్ ఎంఎం రేకు" అంటే ఆగి అడుగు: అది రంగు, పూత కలిపిన మందమా, ఉత్త ఇనుము మందమా? రెండింటికీ తేడా ఉంటుంది. బిల్లు మీద రాయించుకో.

వాలు పది అడుగులకు ఒక అడుగు చొప్పున ఉత్తరానికి పెట్టించు. బిగించడం తూర్పు నుంచి మొదలుపెట్టి పడమరకు రావాలి. అప్పుడు పడమటి గాలివాన నీళ్లను అంచుల కిందికి తోయలేదు. అడ్డపైపులు నాలుగడుగులకొకటి.

కురిసేదంతా స్క్రూల దగ్గరే, బిడ్డా. వాటిని రేకులో నీళ్లు పారే పల్లంలో కాదు, ఉబ్బెత్తుగా లేచిన మెట్ట మీద కొట్టించు. ప్యానెల్ మందం, మెట్ట ఎత్తు దాటి పైపులోకి దిగాలంటే నాలుగంగుళాల స్క్రూ కావాలి. రబ్బరు వాషరు కొంచెం అణగాలి, అంతే. మరీ బిగిస్తే రబ్బరు నలిగి అంచుకు పొంగుతుంది, ఏడాది రెండేళ్లలో ఎండకు పగిలి అక్కడే చుక్క పడుతుంది. వేలితో తడిమి చూడు, తెలుస్తుంది. డ్రిల్లు రజను ఆ సాయంత్రమే మెత్తటి చీపురుతో ఊడిపించు. ఉంచితే ఒక్క వానకే రంగు మీద తుప్పు చుక్కలు లేస్తాయి.

కప్పు తేలిక కాబట్టి గాలిదుమారానికి లేచే ప్రమాదముంది. స్తంభాల ప్లేట్లు ఉత్త స్లాబు మీద కాక, కింద దూలం ఉన్నచోట నాలుగేసి యాంకర్ బోల్టులతో బిగించాలి. ఆ చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ వేయాలి, లేకపోతే కింది గది చెమ్మెక్కుతుంది. కప్పు గోడకు ఆనేచోట ఉత్త సిలికాన్ పూసి ఊరుకోనివ్వకు. గోడలో గాడి కోసి, వంచిన రేకు అందులోకి దూర్చాలి.

పని అయ్యాక పైనుంచి పైపుతో అరగంట నీళ్లు పట్టించి, లోపల టార్చితో ప్రతి స్క్రూ కింద చూసుకున్నాకే చివరి డబ్బులు ఇవ్వు. ఆ రోజు ముందే చెప్పు, నేనొస్తా.

మీ నాన్న